ముగ్గురు మాస్టార్లు, ఒక్క కుళాయి

చోడవరం దగ్గర చెరకు మీద పరిశోధన చేసే ఒక కేంద్రంలో ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు రావికమతంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. మీలో ఎవరైనా కొత్తగా ఏ ల్యాబులోనో చేరి, మొదటి వారంలోనే ట్రైనింగుకి రమ్మంటే విసుక్కుంటూ వెళ్ళి వెనక బెంచీ వెతుక్కునేవాళ్ళుంటే, ముఖ్యంగా మీకోసమే రాస్తున్నాను. విసుక్కోవద్దని చెప్పబోవడం లేదు. అలాంటి ట్రైనింగులు ఏళ్ళ తరబడి జరిపించినదాన్ని నేనే కాబట్టి, మీ విసుగులో చాలా భాగం న్యాయమైనదేనని నాకు బాగా తెలుసు.

మా ల్యాబులో పని చెరకు రసం పరీక్షించడం. పొలం నుంచి గడలు వస్తాయి. చిన్న మరలో పిండి, రసంలో పంచదార ఎంతుందో చూస్తాం. అలా చూడాలంటే ముందు రసం తేటపడాలి. అందుకు సీసం కలిసిన మందొకటి వేస్తాం. అది విషం. గాజు సామాను శుభ్రం చెయ్యడానికి యాసిడ్ వాడతాం. పురుగుమందుల గది వేరే ఉంది. పొద్దస్తమానం తీపి చుట్టూ తిరిగే ఉద్యోగమే గానీ, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాల్సిన ఉద్యోగం.

అందుకని ఏడాదికి మూడు ట్రైనింగులు ఉండేవి. భద్రత మీద ఒకటి, పర్యావరణం మీద ఒకటి, ఆరోగ్యం మీద ఒకటి. సర్క్యులర్లు మూడు, రిజిస్టర్లు మూడు, హాలు మాత్రం ఒకటే, ఉప్మా కూడా ఒకటే. వాటిని జరిపించే బాధ్యత నాది. ప్రొజెక్టర్ పనిచేస్తోందో లేదో చూడటం, అందరిచేతా సంతకాలు పెట్టించడం, ఫోటో తీయించి పై ఆఫీసుకి పంపడం, అంతే. నా రిజిస్టర్లలో ఒక్క గడి కూడా ఖాళీగా ఉండేది కాదు. నేను గొప్ప ఆర్గనైజర్నని అందరూ అనేవారు, నేనూ నమ్మేదాన్ని.

భద్రత క్లాసు మా ఫోర్‌మన్ గారిది. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర చాలాకాలం పనిచేసి మా దగ్గరికొచ్చిన మనిషి. ఆ హోరులో అలవాటైన గొంతు కావడంతో మైకు అవసరం ఉండేది కాదు. పర్యావరణం క్లాసు మట్టి పరీక్షలు చేసే సైంటిస్టు అమ్మాయిది. కాలవలో ఒక చేప తేలితే దగ్గర చుట్టం పోయినట్టు ముఖం పెట్టేది. ఆరోగ్యం క్లాసు మా డిస్పెన్సరీ నర్సమ్మగారిది. ఆవిడ ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళ కళ్ళ కింద రెప్ప లాగి రక్తం ఉందో లేదో చూసేవారు. ముగ్గురూ మంచివాళ్ళు, ముగ్గురికీ వాళ్ళ వాళ్ళ సంగతి క్షుణ్ణంగా తెలుసు. కానీ ఒకరి క్లాసులో ఇంకొకరు ఎన్నడూ కూర్చోలేదు.

మూడు క్లాసుల్లోనూ కూర్చునేవాళ్ళలో అప్ప ఒకతె. మా వైపు అప్ప అంటే అక్క. చీడికాడ దగ్గరి పల్లె నుంచి వచ్చి మా ల్యాబులో గాజు సామాను కడిగేది. డైరెక్టరు గారితో సహా అందరం ఆవిణ్ణి అప్పా అనే పిలిచేవాళ్ళం. మాటలు తక్కువ. క్లాసులో నిద్రపోని అతి కొద్దిమందిలో ఆవిడొకరని తరవాత తెలిసింది.

ఒక ఏడాది మూడో క్లాసు పూర్తవగానే అప్ప నా దగ్గరికి వచ్చింది. యాసిడ్ సీసా పగిలితే బోలెడు నీళ్ళు కొట్టి కడిగెయ్యమని ఫోర్‌మన్ గారు చెప్పారు, ఒక్క చుక్క కూడా కాలవలోకి పోనివ్వద్దని ఆ అమ్మాయి చెప్పింది, ఏదీ ముట్టుకోకుండా ముందు బయటికి పొమ్మని నర్సమ్మ చెప్పారు. "ముగ్గురూ మూడు సెప్పేరు. నాను ఎవుల మాట ఇనాలమ్మా?" అని అడిగింది.

నా వెనక ఉప్మా చల్లారిపోతోంది. ఫోటో ఇంకా తియ్యలేదు. మంచి ప్రశ్నే, తరవాత చూద్దాం, ముందు సంతకం పెట్టు అన్నాను. పెట్టింది. నేను తరవాత చూడలేదు.

ఆ సీజన్లో గడలు రావడం మొదలైన నాలుగోరోజో అయిదోరోజో సీసా పగిలింది. అప్ప అరమీంచి దించుతుంటే తడి చేతిలోంచి జారింది. సగం ఉన్న సీసా. యాసిడ్ నేలంతా పరుచుకుంది, కొంత అప్ప పాదాల మీద చిందింది. గదినిండా ఘాటు పొగ. చప్పుడు విని ఫోర్‌మన్ గారు పరిగెత్తుకొచ్చి, గొట్టం తగిలించి కుళాయి పూర్తిగా తిప్పేశారు. పక్కగదిలోంచి సైంటిస్టు అమ్మాయి వచ్చి కుళాయి కట్టేసింది, ఎందుకంటే ఆ గది తూము తిన్నగా వరిమళ్ళకి వెళ్ళే కాలవలో కలుస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని తూములో గోనెసంచి కుక్కడం మొదలుపెట్టింది. అంతలో నర్సమ్మగారు వచ్చి, పొగ పీల్చకండి, అందరూ బయటికి నడవండంటూ ఎవరి చెయ్యి దొరికితే వాళ్ళని లాగారు. ఫోర్‌మన్ గారు మళ్ళీ కుళాయి తిప్పారు. అమ్మాయి మళ్ళీ కట్టింది. ముగ్గురూ తమ తమ క్లాసుల్లో చెప్పినది తు.చ. తప్పకుండా చేస్తున్నారు.

మరి నేను? గుమ్మంలో నిలబడ్డాను. సిగ్గు విడిచి నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నా బుర్రలో తిరిగినది ఒకటే. ఈ ప్రమాదాన్ని మూడు రిజిస్టర్లలో దేంట్లో రాయాలా అని.

అప్ప ఆ ముగ్గురినీ ఒకసారి చూసింది. గుమ్మం దాకా వచ్చి చెప్పులు విడిచి, నన్ను తప్పుకోమని సైగ చేసి, నా పక్కనుంచే బయటికి నడిచి వెళ్ళి, తోటలో మొక్కలకి నీళ్ళు పెట్టే కుళాయి తిప్పుకుని దాని కింద కాళ్ళు పెట్టి కూర్చుంది. కాస్సేపటికి గానీ ఆవిడ గదిలో లేదని మాకు తెలియలేదు. ముందు తెలిసింది నర్సమ్మగారికి. అప్పటినుంచీ ఆవిడ ఇంకెవరినీ లాగలేదు. వెళ్ళి అప్ప పక్కన తడినేల మీద కూర్చుండిపోయారు.

అదృష్టం బాగుండి పెద్ద దెబ్బ కాలేదు. పాదాలు ఎర్రబడ్డాయి, ఒక కాలికి బొబ్బలొచ్చాయి, రెండు వారాలు మందు రాస్తే మానింది. సాయంత్రం ఆటో ఎక్కే ముందు అప్ప దగ్గరికి వెళ్ళాను. వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. మంటగా ఉందా అని అడిగాను.

"మంట పరవాలేదమ్మా. ఒకాయన కుళాయి తిప్పుతన్నాడు, ఒకావిడ కట్టేస్తంది. నాను మద్దెన నిలబడి, నా కాలు ఎవుల క్లాసులోకి వస్తాదో తెలీక సూస్తన్నాను," అంది.

మిమ్మల్ని ముందే అడిగానుగా అని మాత్రం ఆవిడ అనలేదు. అనుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

డైరెక్టరు గారు మర్నాడే మమ్మల్ని పిలిచి, ఈ మూడు ట్రైనింగులూ కలిపి ఒకటి చెయ్యండన్నారు. ఆయనకి అందులో ఇంకో లాభం కూడా కనిపించింది, రెండు పనిరోజులు మిగులుతాయి. మేం కలపడానికి కూర్చున్నాం. మొదటి రోజంతా బ్యానర్ మీద ఎవరి సబ్జెక్టు ముందుండాలన్న దగ్గరే గడిచిపోయింది. మనిషి బతికుంటేనే కదా మిగతావి అని ఫోర్‌మన్ గారు. గాలీ నీరూ లేకపోతే మనిషెక్కడ అని అమ్మాయి. ఇద్దరికీ బీపీ పెరుగుతోందని నర్సమ్మగారు. చివరికి మూడు పేర్లూ గుండ్రంగా రాయించాం.

క్లాసు మాత్రం గుండ్రంగా రాలేదు. నేను చేసిందల్లా ముగ్గురి స్లయిడ్లూ ఒకదాని వెనక ఒకటి అతికించడమే. ఆరు గంటలు సాగింది. మధ్యాహ్నానికి హాల్లో సగంమంది తలలు వాలిపోయాయి. డైరెక్టరు గారు కళ్ళు మూసుకుని వింటున్నారని మొదట అనుకున్నాం, గురక వచ్చాక ఆ అనుమానం తీరిపోయింది. ముందు వరసలో కాలికి కట్టుతో అప్ప నిటారుగా కూర్చుని ఉంది. నేను అటు చూడకుండా జాగ్రత్తపడ్డాను. ఎందుకంటే ఆ ఆరు గంటల్లోనూ ఆవిడ ప్రశ్నకి జవాబు లేదు.

మర్నాడు నేనే సామాను కడిగే గదికి వెళ్ళాను. నీకేం చెప్పాలో, ఎలా చెప్పాలో నువ్వే చెప్పు అప్పా అన్నాను. ఆవిడ చేతిలో ఫ్లాస్కు పక్కన పెట్టింది.

"నా పని హాల్లో లేదు గదమ్మా. రేపు తొమ్మిదికి వొచ్చి నా ఎనకాల తిరగండి. ఆళ్ళ ముగ్గుర్నీ తీసుకురండి," అంది.

ఫోర్‌మన్ గారు నవ్వేశారు గానీ వచ్చారు. అమ్మాయి నోట్‌బుక్కుతో వచ్చింది. నర్సమ్మగారు డిస్పెన్సరీకి తాళం వేసి, ఎవరికైనా జ్వరమొస్తే గాజు సామాను గదికి రమ్మని చీటీ అంటించి వచ్చారు.

తొమ్మిదింటికి అప్ప రబ్బరు గ్లవ్స్ తీసి పక్కన పెట్టి, ఉత్త చేతులతో పని మొదలుపెట్టింది. ఇదిగో మొదటి తప్పు అని ఫోర్‌మన్ గారు గట్టిగా అన్నారు. అప్ప గ్లవ్స్ వేసుకుని చేతులు ఎత్తి చూపించింది. వేళ్ళ చివర ఒక్కొక్క అంగుళం రబ్బరు ఖాళీగా వేలాడుతోంది. ఆ చేతులతోనే తడి ఫ్లాస్కు ఎత్తింది. జారింది. ఫోర్‌మన్ గారే ఒడిసి పట్టుకున్నారు. ఆ గ్లవ్స్ ఆర్డరు రాసింది ఆయనే. తన చెయ్యి కొలతకి తెప్పించారు. సామాను కడిగేవాళ్ళందరూ ఆడవాళ్ళే. ఆయన ఫ్లాస్కుని బల్లమీద పెట్టి, మెల్లిగా, నీ చెయ్యి కొలత ఇవ్వు అప్పా అన్నారు, ఆ గొంతు మా అందరికీ కొత్తగా తోచింది.

తరవాత సీసం మందు అంటుకున్న సామాను వచ్చింది. ఎలా కడగాలి అని అప్ప అడిగింది. ముగ్గురూ ఒకేసారి మూడు జవాబులు చెప్పారు. ఆవిడ ఫ్లాస్కు చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడింది.

"మీరు ముగ్గురూ ఒక్క మాట సెప్పండి. అందాకా నాను కదల్ను."

నిజంగానే కదల్లేదు. సింకు దగ్గర వాళ్ళు ముగ్గురూ ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. అన్నేళ్ళుగా ఒకే క్యాంటీన్లో తింటున్న మనుషులు, ఒకరి పని గురించి ఒకరు అడిగి తెలుసుకోవడం నేను చూడటం అదే మొదలు. తేలిందేమిటంటే, మొదట కొంచెం నీళ్ళతో తొలిపి ఆ నీళ్ళు మూతున్న డబ్బాలో పొయ్యాలి, ఆ తరవాతే సింకులో కడగాలి. డబ్బా ఎక్కడ పెట్టాలన్నదీ అప్పే చూపించింది, తడి చేతులతో గది దాటకుండా అందేచోట. నేను రాసుకున్నాను.

పదకొండు గంటలకి అప్ప అలవాటు ప్రకారం అందరికీ చల్లటి చెరకు రసం తెచ్చిచ్చింది. అప్పుడే పిండిన రసం, పైన నిమ్మచెక్క. అలిసిపోయి ఉన్నాం, గటగటా తాగేశాం. సగం తాగాక నర్సమ్మగారు చెయ్యి పైకెత్తి తన గ్లాసుని వెలుతురుకేసి చూశారు. దాని మీద మిల్లీలీటర్ల గీతలున్నాయి.

ల్యాబు గాజులో ఏదీ తాగకూడదని మూడు క్లాసుల్లోనూ ఉంది. చెప్పేవాళ్ళు ముగ్గురూ, చెప్పించేదాన్ని నేనూ, సీజనంతా రోజూ అదే గాజులో తాగుతున్నాం. భద్రత క్లాసు రోజు కూడా క్లాసు అవగానే తాగిన గుర్తు. అప్ప మా ముఖాలు చూసి జాలిపడింది. తాగే బీకర్లు వేరే పెట్టాననీ, వాటి మెడకి ఎర్ర దారం కట్టి ఉంటుందనీ, అందులో మందు ఎన్నడూ పోయనివ్వలేదనీ చెప్పింది. చూస్తే నిజమే, నా చేతిలోదానికి ఎర్ర దారం ఉంది. మమ్మల్ని మా క్లాసులు కాపాడలేదు. ఆవిడ దారం కాపాడింది. ఫోర్‌మన్ గారు ముందు నవ్వారు, తరవాత అందరం నవ్వాం. నర్సమ్మగారు మాత్రం ఆ మధ్యాహ్నమే చోడవరం బజారుకి మనిషిని పంపి డజను స్టీలు గ్లాసులు తెప్పించారు. నవ్వి ఊరుకోలేదు, మా నలుగురికీ రక్తపరీక్ష కూడా రాశారు. ఏమీ తేలలేదు లెండి.

సాయంత్రంలోగా యాసిడ్ సంగతి కూడా తేలింది. దానికి ముగ్గురి మాటా కలిపి అప్పే ఒక వరస చెప్పింది: మనిషి మీద పడింది నీళ్ళకి, నేల మీద పడింది సోడాకి. అంటే మనిషి మీద పడితే ఇంకేమీ ఆలోచించకుండా కుళాయి కిందికి పోవాలి. నేల మీద పడినదాన్ని తూము దగ్గర ఇసక సంచి వేసి ఆపి, పైన యాసిడ్‌ని విరిచే సోడా పొడి చల్లాలి. ఆ రెండిట్లో పనిలేనివాళ్ళు బయటికి నడవాలి. కాళ్ళు కడిగిన నీళ్ళు పొలంలోకి పోకుండా తోట కుళాయి కింద సున్నపురాళ్ళ గుంట ఒకటి ఫోర్‌మన్ గారు తవ్వించారు.

ఆ నెలంతా అలాగే తిరిగాం. గడలు పిండే మర దగ్గర ఒక రోజు, పురుగుమందుల గదిలో ఒక రోజు, పొలంలో మందు కొట్టేవాళ్ళతో ఒక రోజు. ట్రైనింగంటే ఇక పనిచేసే చోటే, పనిచేసేవాళ్ళు చూపిస్తుంటే, అరగంట. రిజిస్టరు ఒకటే అయింది. హాలు మూసేశాం. ఉప్మా మాత్రం జనం కోరిక మీద కొనసాగింది.

ఈ సంగతి పై ఆఫీసుకి తెలిసి, ఒక పెద్ద అధికారి చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. అదిగో, అప్పుడు నాలో పాత ఆర్గనైజర్ నిద్రలేచింది. యాసిడ్ సీసాలు కింద ట్రేలో ఉంచాలని మేమే తీర్మానించుకున్నాం. కానీ ఆ ప్లాస్టిక్ ట్రేలు ఫోటోలో ఏం బాగుంటాయి? వాటిని తీసేసి, సీసాలన్నీ బల్ల అంచున వరసగా, లేబుళ్ళు కెమెరావైపు తిప్పి పెట్టించాను. అప్ప అది చూసి నావైపు చూసింది. ఒక్క అరగంటకే కదా అన్నాను.

అధికారి వచ్చారు. పొడుగాటి మనిషి, నిగనిగలాడే బూట్లు. వెనకాల పీఏ, ఇంకో నలుగురు. ఫోటోగ్రాఫరు అందర్నీ కొంచెం వెనక్కి జరగమన్నాడు. అధికారి ఒకడుగు వెనక్కి వేశారు. మోచెయ్యి తగిలి చివరి సీసా కిందపడి పగిలింది. యాసిడ్ ఆయన బూట్ల మీదా ప్యాంటు అంచుల మీదా చిందింది.

ఆ తరవాత జరిగింది చెప్పాలంటే మూడు నిమిషాలు పట్టదు, జరగడానికీ అంతే పట్టింది. ఎవరూ కేక వెయ్యలేదు. అమ్మాయి ఇసక సంచి తూముకి అడ్డం వేసింది. ఫోర్‌మన్ గారు సోడా డబ్బా ఎత్తారు. నేల మీద నురగ బుసబుసా పొంగింది. నర్సమ్మగారు కిటికీలు తీసి, మిగతా అందర్నీ వరండాలోకి పంపారు. అప్ప అధికారి చెయ్యి పట్టుకుని అప్పటికే తోట కుళాయి దగ్గరుంది. బూట్లు విప్పమంటోంది. పీఏ అడ్డొచ్చి, సారెవరో నీకు తెలుసా అన్నాడు.

"తెలుసు బాబూ. తోలు అందరికీ ఒకలాటిదే. బేగి బూట్లు ఇప్పించండి," అని తొందరపెట్టింది.

ఆయన బూట్లూ మేజోళ్ళూ విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పని చేసేవాళ్ళు కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చున్నారు. అయిదు నిమిషాలకి లేవబోయారు. ఇంకా పది నిమిషాలుంది, కూకోండి బాబూ అంది అప్ప. కూర్చున్నారు. నర్సమ్మగారు గడియారం చూస్తూ నిలబడ్డారు. నాకు ఆ హడావుడి మొత్తంలో చెయ్యడానికి ఏ పనీ దొరకలేదు. జరిగినదాంట్లో తప్పు మాత్రం నాదే కాబట్టి, ఆయన దగ్గరికి వెళ్ళి, ట్రేలు తీయించి సీసాలు బల్ల అంచున పెట్టించింది నేనేనని చెప్పాను. ఎందుకు తీయించారు అని అడిగారు. ఫోటో కోసమండీ అన్నాను. కుళాయి కింద తన కాళ్ళవైపు చూసుకుని, ఫోటో బాగానే వచ్చి ఉంటుంది అన్నారు.

కుళాయి కింద కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషికి వేరే పనేముంటుంది? అప్పని మాటల్లో పెట్టారు. ఆవిడ గ్లవ్స్ సంగతి చెప్పింది. చిన్న సైజు కావాలని మేం మూడుసార్లు రాశామనీ, ఒకే సైజు మంజూరైందని మూడుసార్లూ తిరిగొచ్చిందనీ. ఆయన అప్ప చెయ్యి తిప్పి చూశారు, గరుకుదేలి మచ్చలు పడ్డ అరిచెయ్యి. వెళ్ళేటప్పుడు మా వాచ్‌మన్ హవాయి చెప్పులు వేసుకుని కారెక్కారు. వారం తిరక్కుండా మూడు సైజుల్లో గ్లవ్స్ వచ్చాయి.

ఆ తరవాతి ఏడాది నేను రిటైరయ్యాను. నా ఆఖరి వారంలో పరిశోధన చెయ్యడానికి పాతికమంది కొత్త పిల్లలు చేరారు. పెద్ద పెద్ద చదువులు. వాళ్ళకి క్లాసు గాజు సామాను గదిలో, చెప్పేది అప్ప. నేను వెనకాల నిలబడి చూస్తున్నాను. సగంలో ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. లేబుల్ ఊడిపోయిన సీసా పగిలిందనుకోండి, అందులో ఏముందో ఎవరికీ తెలియదు, అప్పుడు నీళ్ళా, సోడానా, ఏం చెయ్యాలి అని అడిగాడు. అతన్ని చూస్తే నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

అప్ప చేతులు తుడుచుకుంది.

"నాకు తెలీదు బాబూ. ముగ్గుర్నీ పిలిపిస్తాను. ఆళ్ళొచ్చి తేల్చేదాకా క్లాసు ఇక్కడ్నించి ముందుకి ఎల్లదు."

ఒకమ్మాయిని పంపింది. ఫోర్‌మన్ గారు మర దగ్గరున్నారు, సైంటిస్టు అమ్మాయి పొలంలో ఉంది, నర్సమ్మగారు ఎవరికో కట్టు కడుతున్నారు. మిగతా పిల్లలందరూ ఎదురుచూస్తూ నిలబడ్డారు. నేనూ ఒక ముక్కాలిపీట లాక్కుని, వాళ్ళ మధ్యన కూర్చున్నాను.